నలభై ఏడు నిమిషాల గొంతు

రోజూ మధ్యాహ్నం రెండూ పదికి నా ఫోనుకు ఒక సందేశం వచ్చేది. "బ్యాకప్ పూర్తయింది." ఏడాదికి పైగా ఒక్కరోజు కూడా తప్పలేదు. అన్నం తిని చెయ్యి తుడుచుకునే వేళకు వచ్చేది. చూసి, ఫోను బోర్లా పెట్టి, మంచం మీద నడుము వాల్చేవాణ్ణి. అది అబద్ధమని ఇప్పుడు కూడా అనలేను. పని పూర్తయిన మాట నిజమే. ఎక్కడ పూర్తయిందో నేను అడగలేదు.

అడగనందుకు నష్టపోయింది నేను కాదు. ఓర్వకల్లు దాటాక, గుట్టల వెనక ఉన్న ఒక ఊళ్ళో అరవై ఏళ్ళ ఆడమనిషి నష్టపోయింది. తన తొలిచూలు బిడ్డను సమాధుల తోటలో ఏ రాయి కింద పెట్టారో ఆమెకు తెలియదు. తెలిసిన మనిషి ఆమె తల్లి ఒక్కతే. ఆ తల్లి ఆ సంగతి నా రికార్డరుకు చెప్పి, రెండు నెలలకు కన్నుమూసింది.

పత్రికలో పని మానేశాక కల్లూరులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. కడపలోనూ కర్నూలులోనూ బల్ల ముందు కూర్చుని, ఎవరో తిరిగి ఎవరో రాసిన వార్తలు దిద్దడంతోనే నా ఉద్యోగం అయిపోయింది. ఆ కొరత తీర్చుకోవడానికి ముసలితనంలో ఊళ్ళు పట్టుకు తిరగడం మొదలుపెట్టాను. గొర్రెల కాపర్లు, బావులు తవ్వినవాళ్ళు, మంగంపేట బెరైటీస్ గనుల్లో ముగ్గురాయి ఏరిన ఆడవాళ్ళు, ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటలు రికార్డు చేసుకునేవాణ్ణి. రాసుకుందామంటే చెయ్యి వణుకుతోంది.

ఆ గొంతులన్నీ ల్యాప్‌టాప్‌లో గుట్టగా పడి ఉండేవి. వాటిని చూసి మా వీధిలోనే ఉండే స్నేహితుడు తల పట్టుకున్నాడు. ఆయన టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా చేరి, మెకానిక్‌గా రిటైరయినవాడు. ఇప్పుడు మనవలకంటే ఎక్కువగా వైర్లతో ఆడుకుంటాడు.

"ఏమప్పా, ఇన్నేండ్లు పేపర్లో చేసినావు. కాయితానికి రెండో ప్రతి ఉండల్లని తెలియదా నీకు?" అన్నాడు. "డబ్బా పోయిన దినం గొంతులన్నీ పోతాయి. అప్పుడు యాడ ఏడుస్తావు?"

ఆయనే అన్నీ కొనిపించాడు. సబ్బుపెట్టెలో పట్టేంత కంప్యూటర్ ఒకటి. దానికి తెర లేదు, మీటలు లేవు. పచ్చని పలక మీద నాలుగు చిప్పులు, అడుగున బొటనవేలి గోరంత మెమరీ కార్డు, అంతే. గొంతులన్నీ ఆ కార్డులో ఉంటాయి. రెండోది ఇటుకంత నెట్‌వర్క్ డ్రైవ్. దాన్ని పుస్తకాల అర మీద పెట్టాడు. రోజూ మధ్యాహ్నం చిన్న కంప్యూటర్ తన దగ్గర ఉన్నదంతా నకలు తీసి డ్రైవ్‌లోకి పంపాలి. ఆరు నకళ్ళు ఉంచి, ఏడోది వచ్చినప్పుడు అన్నిటికన్నా పాతదాన్ని తీసేయాలి. పని ముగియగానే నాకు సందేశం పంపాలి. ఇదీ ఏర్పాటు.

"ఇంక నువ్వు నిశ్చింతగా పండుకో," అన్నాడు. పడుకున్నాను.

ఆ ముసలమ్మను నాకు పరిచయం చేసింది వాళ్ళ చర్చి సంఘపెద్ద. ఊళ్ళో వందేళ్ళు దాటిన క్రైస్తవుల గుడి ఉంది. దాని వెనక సమాధుల తోట. కలిగినవాళ్ళు నాపరాయి మీద పేరు చెక్కించుకున్నారు. మిగిలినవాళ్ళకు గుట్ట మీంచి తెచ్చిన రాయి తలాపున పాతి ఉంటుంది, అంతే. పేరు లేదు, ఊరు లేదు. ఏ రాయి ఎవరిదో ఆమెకు నోటికి వచ్చు. ఏటా నవంబరులో వచ్చే సమాధుల పండగకు ముందు జనం సున్నపు డబ్బాలు పట్టుకుని ఆమె వెనక నడిచేవాళ్ళు. ఆమె చూపించిన రాయికి సున్నం కొట్టేవాళ్ళు. దిక్కులేని రాళ్ళకు, అంటే మనుషులు వలసపోయినవాటికి, ఆమే కొట్టేది.

పండగ అయిన వారానికి, సున్నం ఇంకా తెల్లగా ఉండగానే, నేను రికార్డరు పట్టుకుని ఆమె వెంట నడిచాను. గుడివైపు నుంచి మొదలుపెట్టి తూర్పుకు, వరస తర్వాత వరస. గంటన్నర పట్టింది. చేతికర్రతో రాయిని తట్టి చెప్పేది.

"ఇది గొర్లాయనిది. పిడుగు పడి పాయె. ఈ ఇద్దరూ తోడికోడండ్లు. బతికినన్నాళ్ళూ మాట్లాడుకోలే, ఈడ చూడు ఎంత సక్కంగా పక్కపక్కన పండుకోనుండారో."

"నువ్వే పెట్టించినావా అవ్వా పక్కపక్కన?"

"నేను గాక ఇంకెవరు? ఇప్పుడన్నా మాట్లాడుకోనీలే అని."

చివరికి తూర్పు వైపు వచ్చాం. అక్కడివన్నీ చిన్న రాళ్ళు. పసిబిడ్డలవి. ఒకచోట ఆమె ఆగింది. కర్రతో కాదు, చేత్తో రెండుసార్లు రాయిని తట్టింది.

"ఇది నా బిడ్డ తొలిచూలుది. తొమ్మిది దినాలు ఉన్నె. ఆయమ్మకి ఇంతవరకూ చూపలే నేను. తొలిచూలు బిడ్డ పోతే తల్లికి ఆ జాగా చూపగూడదు నాయనా. చూస్తే ఆమె కడుపుకు గానీ, ఆమె బిడ్డల కడుపుకు గానీ తగుల్తాది."

"పాస్టరుగారు ఒప్పుకుంటారా ఈ మాట?"

"సువార్తలో లేదంటాడు. సువార్తలో లేకపోతే ఏం, మాయమ్మ చెప్పింది నాకు. నా తొలిచూలుది యాడుండాదో నాకూ తెలియదు." కర్ర నేలకు ఆనించి మళ్ళీ అంది. "ఇప్పుడు మనవరాండ్ల కాన్పులు కూడా అయిపాయె. భయం లేదులే. నేను చెప్పగూడదు గానీ నువ్వు చెప్పొచ్చు. నేను పోయినంక నువ్వు చూపీ."

ఈ మాటలన్నీ నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. ఏ రాయో గుర్తులేదు. ఆమె రాయిని తట్టిన క్షణాన నేను వంగి, చెప్పులోంచి పాదంలోకి దిగిన తుమ్మ ముల్లు పీక్కుంటున్నాను. చేతి చప్పుడు విన్నాను. తలెత్తేసరికి ఆమె రెండు అడుగులు ముందుకు వేసింది. రికార్డరు నడుస్తోంది కదా, వరసలు లెక్కపెట్టుకుంటే దొరుకుతుందిలే అనుకున్నాను. ఆ "లే" అన్న మాటే నన్ను ఇంతదూరం తెచ్చింది.

ఇంటికి వచ్చి ఆ రికార్డింగును చిన్న కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎక్కుతుండగా ల్యాప్‌టాప్ తెర మీద ఏదో చిన్న పెట్టె లేచింది. చదవలేదు. "సరే" నొక్కాను. తర్వాత తెరిచి మొదటి ఐదు నిమిషాలు విన్నాను. గొంతు స్పష్టంగా ఉంది. ఉద్యోగంలో కూడా నేను చేసింది అదే. తెలిసిన విలేకరి వార్త అయితే మొదటి పేరా చదివి పేజీలోకి పంపేవాణ్ణి. అట్లా పంపిన వాటిలో ఎన్ని తప్పులు పోయాయో ఎవరూ లెక్క చూడలేదు.

రికార్డరును ఖాళీ చేశాను. ఖాళీ చేసి ఊరుకున్నా ఏదో ఒక దారి ఉండేదని తర్వాత స్నేహితుడు చెప్పాడు. నేను దాని మీద ఇంకోటి రికార్డు చేశాను. కర్నూలులో నాకే ఒక సన్మానం జరిగింది. శాలువా, పూలదండ, రెండున్నర గంటల ఉపన్యాసాలు. ప్రతి అక్షరాన్నీ సరిచూసుకునే మనిషి అని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు ముసలమ్మ గొంతు మీద పడింది.

ఆమె పోయినప్పుడు భూస్థాపనకు వెళ్ళాను. కూతురు నా దగ్గరకు వచ్చి పక్కకు పిలిచింది. అంతకుముందు ఆమెను ఒకటి రెండుసార్లే చూశాను. పెళ్ళయిన కొత్తలో మొగుడితో మంగంపేట వెళ్ళి, ముగ్గురాయి దుమ్ములో ఇరవై ఏళ్ళు పనిచేసి, ఆయన పోయాక తల్లి దగ్గరికి వచ్చేసిన మనిషి.

"అన్నా, మాయమ్మ నీకు చెప్పిందంట కదా?"

"చెప్పిందమ్మా."

"ఇప్పుడే వద్దులే. దినాలు అయిపోనీ. నీ తావ భద్రంగా ఉండాది కదా?"

"రెండుచోట్ల ఉంది," అన్నాను. నాకు ఆ మాట చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉండింది.

ఆమె తోటవైపు చూడకుండా చెప్పింది. "మంగంపేటలో ఉన్నన్నాళ్ళూ పండగకు వస్తాంటి. ఏటా మాయమ్మ సున్నం కొట్టేటప్పుడు నేను గుడివైపు మొగం పెట్టుకోని నిలబడేదాన్ని. చూడగూడదు కదా. నలభై ఏండ్లు అట్లే నిలబడినా."

ఎండలు ముదిరాక సంఘపెద్ద ఫోన్ చేశాడు. పక్కనున్న రోడ్డు వెడల్పు చేస్తారట. తోటలో తూర్పు వైపు రెండు వరసలు పోతాయట. ఎవరివాళ్ళను వాళ్ళు తవ్వి తీసుకుని, గుడి పడమట కొత్తగా ఇచ్చిన జాగాలో పెట్టుకోవాలి. తెలిసినవాళ్ళకు తెలుసు. తెలియని వాటికి ముసలమ్మ మాటే ఆధారం. ఆదివారం ఆరాధన అయ్యాక కూతురు వచ్చి వింటుందని, తర్వాత ఊళ్ళో అందరికీ వినిపించాలని అనుకున్నాం.

శుక్రవారం ఉదయం గాలీవానా వచ్చింది. ఉరుముకు కిటికీలు అదిరాయి. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చింది. ఆ రోజు రెండూ పదికి సందేశం రాలేదు. నేను గమనించింది సాయంత్రం. చిన్న కంప్యూటర్‌లో ఎర్రదీపం వెలుగుతోంది. పక్కన పచ్చదీపం మినుకుమినుకుమనాలి, అది చచ్చిపోయి ఉంది.

స్నేహితుడు శనివారం పొద్దున్నే స్క్రూడ్రైవర్ల సంచితో వచ్చాడు. ముందు అడాప్టరు మార్చాడు. తర్వాత వైరు మార్చాడు. తర్వాత కార్డు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. పచ్చదీపం లేవలేదు. కార్డును తన ల్యాప్‌టాప్‌లో పెడితే, ఇది చెడింది, చెరిపి కొత్తగా చేయమంటావా అని అడిగింది.

"చెరిపేది నీ తలకాయ," అని దాన్ని తిట్టి నావైపు తిరిగాడు. "కార్డు దెబ్బతినుండాది. ఏం పరవాలేదప్పా. డ్రైవ్ ఉండాది కదా, అందుకే కదా అది. అందులోంచి తీసి ఇంకో కార్డులో పోద్దాం. టీ పెట్టు."

టీ పెట్టి తెచ్చేసరికి ఆయన డ్రైవ్ తెరిచి చూస్తున్నాడు. గ్లాసు అందుకోలేదు.

"నువ్వా ముసలమ్మ కాడికి పోయింది ఎప్పుడు?"

"పోయిన నవంబరు."

"ఇందులో ఆఖరి నకలు అంతకుముందు ఏప్రిల్‌ది."

నేను ఫోన్ తీసి చూపించాను. నిన్నటి ముందు రోజు వరకు వరసగా సందేశాలు. పూర్తయింది, పూర్తయింది, పూర్తయింది. ఆయన ఒక్కొక్కటే పైకి జరుపుతూ చాలాసేపు చూశాడు.

"ఏప్రిల్‌లో ఏం చేసినావు నువ్వు వీటిని?"

ఏమీ చేయలేదన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. ఆయన నమ్మలేదు. వైర్లు పట్టుకుని గోడ వెంబడి పోయాడు. లైన్‌మన్ కదా, మనిషి మాట కంటే తీగను నమ్ముతాడు. మంచం వెనక ఆగాడు.

"ఇన్వర్టర్ ప్లగ్గులో ఈ కూలర్ ఎవరు పెట్టినారు?"

నేనే. కర్నూలు ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నం కరెంటు పోతే పడుకోలేక, డబ్బాల ప్లగ్గు ఇన్వర్టర్‌లోంచి పీకి మామూలు ప్లగ్గులో పెట్టి, కూలరును ఇన్వర్టర్‌కు తగిలించాను. కూలర్ పెట్టుకోవడాన్ని నేను "ఏదో చేయడం" కింద లెక్కేయలేదు.

ఆయన నేల మీద కూర్చుని వివరించాడు. ఇన్వర్టర్ మీద ఉన్నన్నాళ్ళు రెండు డబ్బాలూ ఆరిపోకుండా ఉన్నాయి. దాని మీంచి తీశాక, కరెంటు పోయినప్పుడల్లా రెండూ ఆరిపోతాయి. కరెంటు రాగానే చిన్నది అర నిమిషంలో లేస్తుంది. పెద్దది లేవడానికి ఐదు నిమిషాలు. చిన్నది లేవగానే పెద్దదాన్ని ఒకసారి పిలుస్తుంది. పలకకపోతే మళ్ళీ పిలవదు.

"పలకకపోతే పని ఆగిపోవాలి కదా?"

"ఆగదు. ఆడుండాది మతలబు. చూడు, ఈ చిన్నదాంట్లో డ్రైవ్ పేరుతో ఒక గుమ్మం పెట్టినా. డ్రైవ్ కలిసుంటే గుమ్మం దాటితే అవతలింట్లో ఉంటావు. కలవకపోతే గుమ్మం పోదు, అట్లే ఉంటాది. దాటితే మన ఇంటి పెరట్లోనే ఉంటావు. నీ కంప్యూటర్ దినామూ మూట నెత్తికెత్తుకోని, గుమ్మం దాటి, మన పెరట్లోనే దించి, చేర్చినా అని నీకు చెప్తాండాది."

"అంటే నకళ్ళన్నీ..."

"ఈ కార్డులోనే ఉండాయి. ఏది పోతాదని నకలు తీసినామో దాంట్లోనే."

పని జరిగిందా లేదా అని చూసి సందేశం పంపమని ఆయన రాయలేదట. అన్నీ అయ్యాక పంపమని మాత్రమే రాశాడట. ఆ మాట ఆయన నా మొహం చూడకుండా చెప్పాడు. "నలభై ఏండ్లు స్తంభాలెక్కినా. లైను బాగుండాదా అంటే ఈ కొస చూసి ఎన్నడూ చెప్పలే. ఆ కొసకు పోయి ఎత్తి మాట్లాడినాకే చెప్పేవాణ్ణి. దీనికాడ మాత్రం..." అని ఆపేశాడు.

నాకు కవర్లు గుర్తొచ్చాయి. ఫ్యాక్సులు ఇంకా రాని రోజుల్లో మండలాల విలేకర్లు వార్తలు కవర్లో పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళు. బస్టాండులో మా డబ్బాలో పడేవి. సాయంత్రం ఫోన్ చేసి, "సార్, కవరు చేరిందా?" అని అడిగేవాళ్ళు. "చేరింది" అనేవాణ్ణి, డబ్బా తెరవకముందే. లైను ఖాళీ కావాలి, ఇంకో పది మంది వరసలో ఉంటారు. ఒకసారి అట్లా "చేరింది" అన్న కవరు బస్సు సీటు కింద మూడు రోజులు తిరిగింది. అందులో గనిలో రాయి పడి చనిపోయిన మనిషి వార్త ఉంది. ఆ విలేకరి తర్వాత వార్తలు పంపడం మానేశాడు.

కార్డునంతా ఒక సాఫ్ట్‌వేర్‌తో చదివించి, దొరికిన ముక్కలు వేరే డిస్కులోకి తీయడానికి ఆదివారం మధ్యాహ్నం వరకు పట్టింది. ఆయనకు ఒక ఆశ ఉంది. ఒకే కార్డులో అసలు ఒకటి, నకళ్ళు ఆరు. ఏదో ఒకటి బతికే ఉంటుందని. బతికింది కూడా. ముసలమ్మ ఫైలు చెక్కు చెదరకుండా దొరికింది.

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది. ఆరాధన చీరలోనే, బస్సు దిగి షేర్ ఆటోలో వచ్చింది. వేరుశనక్కాయల సంచి గుమ్మం పక్కన పెట్టింది.

"ఊరోళ్ళు వినకముందు నేనొక్కదాన్నే వింటా అన్నా," అంది. నా స్నేహితుణ్ణి చూసి, "ఈయన?" అంది.

"మెకానిక్కునమ్మా. ఉండమంటే ఉంటా, పొమ్మంటే పోతా."

"ఉండప్పా. నీ తావే కదా మీట."

నేను ఆమెకు ముందే చెప్పి ఉండాల్సింది, చిన్న ఇబ్బంది వచ్చింది, ఇంకా పూర్తిగా చూడలేదు అని. ఫైలు దొరికిందన్న సంతోషంలో చెప్పలేదు.

గొంతు మొదలైంది. గొర్లాయన వచ్చాడు. తోడికోడళ్ళు వచ్చారు. కూతురు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ ఇద్దరూ యా వరసలో ఉంటే ఆ వరసలో పొలం కూడా పండదు" అంది. ఒక్కో వరసకు వేలు మడుస్తూ పోయింది. మూడో వేలు మడిచింది. తెర మీద నలభై ఏడో నిమిషం నడుస్తోంది. "ఈ వరస ఐపాయె. రా నాయనా, ముండ్లుండాయి, సూసుకో—"

ఆగిపోయింది.

ఆమె అట్లాగే కూర్చుంది, నాలుగో వేలు పట్టుకుని. కాసేపయ్యాక ఫ్యానువైపు చూసింది. "కరెంటు పాయనా అన్నా?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

స్నేహితుడు నకళ్ళు తెరిచాడు. కొన్నిట్లో ఆ ఫైలు లేనే లేదు. ఉన్నవాటిలో అదే నలభై ఏడో నిమిషం, అదే మాట దగ్గర ఆగింది. ఫైలు చెడిపోలేదు. మిగిలింది అసలు ఎక్కనే లేదు. ఏడు నెలలుగా పెరట్లో దించిన మూటలతో కార్డు నిండిపోయి ఉంది. ముసలమ్మ గొంతుకు అందులో నలభై ఏడు నిమిషాల జాగానే మిగిలింది. నేను చదవకుండా "సరే" నొక్కిన పెట్టె చెప్పింది ఆ సంగతే అయి ఉండాలి. మనిషి గొంతును కాపాడటానికి పెట్టిన ఏర్పాటే ఆ గొంతు సగానికి చోటు లేకుండా చేసింది.

ఇదంతా ఆమెకు చెప్పాను. గుమ్మం, పెరడు అన్న లెక్కలోనే చెప్పాను. ఆమెకు అర్థమైంది. నాకంటే తొందరగానే అర్థమైంది.

"రెండుచోట్ల ఉండాదంటివే."

నేను ల్యాప్‌టాప్ మూత దించాను.

"సరే, డబ్బాలో పాయె. నువ్వు విన్నావు కదా అన్నా? నీకు చెప్పింది కదా మాయమ్మ? యా వరస?"

ముల్లు సంగతి చెప్పాను. ఆమె నా పాదాలవైపు చూసింది. అక్కడ ముల్లు ఇంకా ఉందేమోనన్నట్టు చూసింది.

"మాయమ్మ నా మేలుకే దాచిపెట్టె," అంది. "నువ్వు మేలుకే దాచిపెడితివి." తర్వాత చెప్పులు వేసుకుంది. నా స్నేహితుడు ఆటో ఎక్కించి వస్తానని లేస్తే వద్దంది. వేరుశనక్కాయల సంచి తీసుకుపోలేదు. తీసుకుపోయి ఉంటే బాగుండేది.

తవ్వకం రోజు నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి నాకు మంచి కారణాలే దొరికాయి, కానీ వెళ్ళాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. తూర్పు వరసల్లో ఎవరి రాయి దగ్గర వాళ్ళు తెల్లగుడ్డ పరుచుకుని నిలబడ్డారు. పసిబిడ్డలు కదా, ఎముకలేమీ ఉండవు. నల్లబడిన మన్ను పిడికెడు తీసి గుడ్డలో కట్టుకుంటున్నారు. అందరూ నిలబడగా నాలుగు చిన్న రాళ్ళు మిగిలాయి. వాటి దగ్గర ఎవరూ లేరు.

సంఘపెద్ద నన్ను చెట్టు కిందికి తీసుకుపోయాడు.

"సార్, ఆ నాలుగిట్లో ఏదో ఒకటి చూపీ. ఆయమ్మ మనసు నిమ్మళిస్తాది. దేవునికి తెలియదా యాడుండాదో? మనం ఏది చూపితే ఆయన అదే అనుకుంటాడు."

"అబద్ధం కదా పెద్దాయనా."

"పేపర్లో ఎన్నడూ రాయలేదా సార్ మీరు?"

రాశాను. "తెలిసింది", "సమాచారం" అని తోక తగిలించి, ఎవరికి తెలిసిందో నాకే తెలియని సంగతులు ఎన్నో పేజీల్లోకి పంపాను. ఇక్కడ ఎందుకు నోరు రాలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. నిజం మీద ప్రేమ అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ ప్రేమ ఉన్నవాడు ఆ పెట్టెను చదివి ఉండేవాడు.

ఆమె ఆ నాలుగు రాళ్ళ మధ్యకు వచ్చి నిలబడింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. ఒక్కోదాన్నే చూసింది. చేతిలో కొత్త తెల్లగుడ్డ మడత విప్పకుండా ఉంది. నన్ను చూసి దగ్గరికి రమ్మంది.

"అన్నా, ఒకటి అడుగుతా. ఇంగ ఏమీ అడగను. ఈ నాలుగిట్లో ఒకటి అనేదన్నా ఖాయమేనా?"

ముల్లు గుచ్చుకున్నచోటు నేను ముందే వెతికి చూశాను. అది ఈ రెండు వరసల్లోనే కావచ్చు. పైవరస చివర కూడా కావచ్చు. అక్కడ కూడా చిన్న రాళ్ళు రెండున్నాయి, అవి రోడ్డులోకి పోవు. ఇతరులు పొరపాటున తమవి అనుకుంటున్న రాళ్ళలో ఒకటి కూడా ఈమె బిడ్డది కావచ్చు. ముసలమ్మ లేదు కదా దిద్దడానికి.

"ఖాయంగా చెప్పలేనమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. "తెలియకుండా ఎవరో తల్లి బిడ్డను నేను ఎత్తుకపోను" అంది, నాతో కాదు, రాళ్ళతో అన్నట్టు. పక్కన ఒక ముసలాయన ఒక్కడే గుడ్డ పరచుకోలేక గాలికి అవస్థ పడుతున్నాడు. ఆమె తన గుడ్డ సంకలో పెట్టుకుని వెళ్ళి, ఆయన గుడ్డ రెండో కొస పట్టుకుంది. ఆయన మన్ను పోస్తుంటే చెదరకుండా బిగించి పట్టుకుంది. అది అయ్యాక పక్కవాళ్ళది పట్టుకుంది. మధ్యాహ్నం వరకు అట్లా అందరివీ పట్టుకుంది.